గృహప్రవేశము నాడెవరు తినిరి?

మన కోనసీమలో ఇండ్లు కట్టుట యిప్పుడొక వ్రతమువలె సాగుచున్నది. అమలాపురము మొదలు రాజోలు వఱకు, కొత్తపేట మొదలు అంతర్వేది వఱకు ఏ కాలువగట్టు వెంబడి నడచినను, పాత మండువా లోగిలి పెంకులు దింపుచున్న కూలీలో, క్రొత్త మేడకు స్తంభములు లేపుచున్న తాపీమేస్త్రీలో కంటబడుదురు. మంచి ముహూర్తమున్న దినమున నొక్కొక్క యూర రెండు మూడు గృహప్రవేశములు జరుగును. ఆవును ముందు నడిపించి, గుమ్మడికాయ కొట్టి, ఆడపడుచుచేత పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతము ముగించి, మధ్యాహ్నమునకు పందిటిలో విందు పెట్టుదురు. పనసపొట్టు కూర, కందబచ్చలి, ముక్కల పులుసు, పులిహోర, పూర్ణములు, ఆత్రేయపురపు పూతరేకులు, ఇన్ని రకములని లెక్క చెప్పుకొనుట యొక గౌరవము. మఱునాడు ఊరిలో సాగు సంభాషణమంతయు ఎన్ని కూరలు వడ్డించిరి, నేల పాలరాతిదా కాదా, వంటయిల్లు ఆగ్నేయమున కుదిరినదా లేదా యను విచారణతో ముగియును.

ఈ విచారణలో ఎవరు నడుగని ప్రశ్నలు రెండున్నవి. ఆ యింట వండిన మనిషి యెప్పుడు భుజించెను? ఆ యింటికి వచ్చినవారిలో భుజింపక పోయినవా రెవరు, ఏల పోయిరి? ఈ రెంటికి నిర్మలముగా సమాధానము చెప్పలేని యింటిలో ఆవు ప్రవేశించినదేమో కాని, గృహధర్మము మాత్రము గడపకవతలనే నిలిచియున్నదని నా వాదము. చదువరులు నాపై కోపింతురేమో. కోపించినను సరే, రానున్న ముహూర్తమునకు శుభలేఖలు అచ్చు వేయించుటకు ముందు ఈ నాలుగు మాటలు వినవలెనని ప్రార్థన.

మొదట వంటయింటి మాట. మన వాస్తుశాస్త్రాభిమానము సామాన్యమైనది కాదు. ఆగ్నేయ మూల అంగుళము తప్పినచో కట్టిన గోడను పడగొట్టించు గృహస్థులను నేనెఱుగుదును. అగ్నిదేవుని మూల యేదో ఇంత చక్కగా నెఱిగిన మనకు, ఆ యగ్నినుండి పుట్టిన వేడియు పొగయు బయటికి బోవు త్రోవ మాత్రము తెలియదు. వచ్చినవారు కూర్చుండు సావడికి ఇరువదడుగులు. దినమున కైదు గంటలు మనిషి నిలువవలసిన వంటయింటికి ఎనిమిదడుగులు! సావడికి నాలుగు కిటికీలు. వంటయింటికి ఒక్కటి, అదియు పొరుగువారి గోడకెదురుగా. కొబ్బరి మట్టలు, డొక్కలు మంటబెట్టి కన్నులు పోగొట్టుకొనిన మన యమ్మల కాలము కొంత గడచినది. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చి, పేదయిండ్లకు కూడ గ్యాసు పొయ్యి చేరినది. మంచిదే. కాని గ్యాసు పొయ్యి పొగను తీసివేసినది కాని, దాని ముందు నిలుచు మనిషిని మార్చలేదు.

ఇది నా ఊహ కాదు. 2019లో భారత ప్రభుత్వము దేశమంతట జనులు దినమునందలి కాలమును ఎట్లు వినియోగింతురో లెక్క తీయించినది. ఆరేండ్లు దాటినవారిలో, కూలి లేని ఇంటిపని చేయువారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది. ఆ పని చేయువారిలో సైతము స్త్రీకి దినమునకు 299 నిమిషములు, పురుషునికి 97 నిమిషములు పట్టుచున్నవట. అనగా ఆమెకు ఇంచుమించు అయిదు గంటలు. అతనికి గంటన్నరపై కొంచెము. ఇంటిపని ముట్టని పురుషులు నూటికి 74 మంది ఈ సగటులో చేరనే లేదు.

"ఇప్పుడు విందులకు కేటరింగువారు వచ్చిరి, ఇంటి ఆడువారికి శ్రమ యెక్కడిది?" అని కొంద ఱడుగుదురు. విందు ఒక్కనాటిది. దాని తరువాత "క్రొత్త యిల్లు చూచి పోదము" అని వచ్చు చుట్టములు, స్నేహితులు, ఆఫీసులోని తోటివారు, పిల్లల పెండ్లిసంబంధముల వారు నెల దినములు వరుసగా వత్తురు. పెట్టెలింకను విప్పలేదు, పోపుల డబ్బా యెక్కడున్నదో తెలియదు, క్రొత్త పంపులో నీరు సరిగా రాదు. అయినను గృహిణి ఆదరముతో వండి వడ్డింపవలెను. ఇంటాయన వచ్చినవారిని మేడమీదికి తీసికొనిపోయి గదులు చూపించును. కరెంటు తీగెలు ఎంత మందమువి, కిటికీ చెక్క యే యడవిది, ఏ మేస్త్రీ ఎంత మోసము చేసెను, ఇవన్నియు వర్ణించును. ఆ సమయమున గృహలక్ష్మి అప్పడములు వేయించుచుండును. అందఱును తిని, తాంబూలము వేసికొని, "అమ్మా, వంట అమృతము" అని పోయిన తరువాత, మూడు గంటలవేళ ఆమె చల్లారిన అన్నమును, అడుగంటిన పులుసును ముందు పెట్టుకొని కూర్చుండును. ఇదియే మన ఆతిథ్యము.

ఇది శాస్త్రమని వాదించు పెద్దలకు శాస్త్రముతోనే బదులు చెప్పవచ్చును. వీరు ప్రమాణముగా నెత్తు మనుస్మృతి తృతీయాధ్యాయమును తెఱచి చూడవలెను. క్రొత్తగా వచ్చిన కోడండ్రకు, కన్యలకు, రోగులకు, గర్భవతులకు అతిథులకంటె ముందుగా, సందేహింపక పెట్టవలెనని యందున్నది. మఱి రెండు శ్లోకముల తరువాత, అతిథులును భృత్యులును తిన్నపిమ్మట మిగిలిన దానిని తినవలసిన దెవరని చూడగా "దంపతీ" అని ద్వివచన మున్నది. భార్య యొక్కతె కాదు, భార్యాభర్త లిరువురును. మన యాచారము ఆ ద్వివచనమున సగము కొట్టివేసి, కడపటి విస్తరిని ఆడుదాని కొక్కదానికే మిగిల్చినది. ఆ గ్రంథమే ఆ యధ్యాయముననే శూద్రుని అతిథిగా నెంచక, భృత్యులతోపాటు పెట్టుమని చెప్పుచున్న సంగతిని నేను దాచను. అందుచేతనే దానిని నా ధర్మశాస్త్రముగా నంగీకరింపను. నేను చెప్పున దొక్కటే: ఆ గ్రంథమును శిరసావహించుచున్నామను వారు స్త్రీకి మేలు చేయు చోట దానిని మఱచి, మనుష్యుని వెలివేయు చోట మాత్రము కంఠస్థము చేసినారు.

ఇక మన సీమలో వంట మాట యెత్తగానే ప్రతివారు డొక్కా సీతమ్మగారి పేరు చెప్పుదురు. చెప్పదగినదే. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరమున జోగన్నగారి యింట కాపురము చేసి, 1909లో పరమపదించిన ఆ యిల్లాలు, వైనతేయ గోదావరి దాటి లంకలకు వచ్చిపోవు బాటసారులకు వేళగాని వేళ అన్నము పెట్టినది. కులమేదని, మతమేదని యడుగక పెట్టినదని ప్రసిద్ధి. ఒకసారి అంతర్వేదికి బయలుదేరి, దారిలో ఆకలిగొన్నవారు తన యింటికే పోవుచున్నారని విని, నరసింహస్వామి దర్శనము మాని వెనుదిరిగెనని పెద్దలు నేటికిని చెప్పుకొందురు. గన్నవరము వద్ద క్రొత్తగా కట్టి 2000లో ప్రారంభించిన కాలువ వంతెనకు ఆమె పేరు పెట్టిరి. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టిరి.

పేర్లు పెట్టుటలో మనము కృపణులము కాము. అయితే ఆమె చరిత్రమునుండి మనము గ్రహించిన దేమి? "సీతమ్మగారి సీమలో పుట్టినదానవు, నలుగురికి వండలేవా?" అని కోడలిని గద్దించుటకు ఆ పుణ్యవతి పేరు పనికివచ్చుచున్నది. సీతమ్మగారికిని ఈ కోడలికిని గల భేదము ఆలోచింపుడు. ఎవరికి పెట్టవలెనను నిర్ణయము సీతమ్మగారిది. ఆమె యింటి ధాన్యము, ఆమె యింటి పాడి, ఆమె భర్త సమ్మతి ఆ నిర్ణయమునకు లోబడి నడచినవి. ఎవరు వచ్చినను తలుపు తీయు నధికారము ఆమె చేతిలో నుండెను. నేటి గృహిణికి గరిటె యున్నది కాని ఆ యధికారము లేదు. ఎవరిని పిలువవలెనో మగవారు నిశ్చయింతురు, ఎవరిని పంక్తిలో కూర్చుండబెట్టవలెనో కులపెద్దలు నిశ్చయింతురు, వండవలసినది మాత్రము ఆమె. సీతమ్మగారి గరిటెను కోడలి చేతికిచ్చితిమి. సీతమ్మగారి తలుపును మూసివేసితిమి.

ఆ మూసిన తలుపే నా రెండవ ప్రశ్న.

మన గోదావరి జిల్లాలనుండి స్త్రీలు కువైటు, మస్కటు, ఖతరు దేశములకు ఇంటిపనికై పోవుట దశాబ్దములుగా నున్నదే. వీరిలో పేటలనుండి పోవువారు పెక్కండ్రు. అచ్చట పరుల పిల్లలను సాకి, పరుల వంట వండి, ఏండ్ల తరబడి తమ పిల్లల ముఖము చూడక కూడబెట్టిన ధనముతో ఊరిలో రెండు గదుల డాబా కట్టుకొందురు. దానికి గృహప్రవేశము చేసి, ఊరివారి నందఱను పిలుతురు. పిలిచిన దోషమునకు ఊరివారు వత్తురు. నేను పలుమారు చూచిన తీరు చెప్పెదను. వచ్చినవారు అరుగుమీద వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుందురు. కవరులో నూటపదార్లు చదివింతురు. ఇల్లు బాగున్నదందురు. "భోజనమునకు లేవండి" అనగానే ఒకరికి ఉపవాసము, ఒకరికి మధుమేహము, ఒకరు ఇప్పుడే తిని వచ్చిరి, ఒకరికి అమలాపురములో అత్యవసరమైన పని. అరటిపండు పుచ్చుకొందురు, ఏలన దానికి తొక్క యున్నది. మూత తీయని చల్లని సీసా త్రాగుదురు, ఏలన దానికి సీలున్నది. ఆ యిల్లాలి చేయి తగిలిన మెతుకు మాత్రము ముట్టరు. ఎడారి దేశమున పరభాషవారు పండ్రెండేండ్లు తిన్న ఆమె చేతి కూడు, గోడకు గోడ తగిలిన పొరుగువానికి కొఱగాదాయెను!

ఈ సంగతి ముందే యెఱిగిన గృహస్థులు కొందఱు వేఱొక యేర్పాటు చేయుదురు. "పెద్దవారి" కొఱకు వీధికి ఆవలి ప్రక్క ప్రత్యేకముగా పందిరి, ప్రత్యేకముగా "పై కులపు" వంటవాడు, ప్రత్యేకముగా గిన్నెలు. తన యింటి శుభకార్యమున తన డబ్బుతో తనకే అవమానమును కొని వడ్డించుకొను ఈ దుస్థితికి అతనిని నిందింపవలదు. ఆ పందిటిలో కూర్చుండి తృప్తిగా త్రేన్చిన వారిని నిందింపుడు. ఇక పెద్దిండ్ల గృహప్రవేశములలో తీరు వేఱు. పునాది త్రవ్వినవాడు, ఇటుక మోసినది, గోడ లేపినవాడు సాయంకాలము వఱకు కనిపెట్టుకొని యుండవలెను. మేస్త్రీకి క్రొత్త పంచె పెట్టుదురు, నిజమే. కాని విస్తరి మాత్రము పెరటిలో, లేదా పొట్లము కట్టి యింటికి. ఏ చేతులు ఆ నేలను పఱచినవో ఆ చేతులవారు ఆ నేలమీద కూర్చుండుటకు తగరట!

ఇది మైల యను భావముచేత కలిగినదని కొందఱందురు. నేను నమ్మను. ఈ మహాశయులే అమలాపురము బస్సు స్టాండు ప్రక్క హోటలులో ఇడ్డెనలు తిందురు. కాకినాడలో, హైదరాబాదులో కుండ బిరియాని తెప్పించుకొందురు. లోపల వండినవాని కుల మేదని యెన్నడైన నడిగిరా? పెండ్లి పందిటిలో కేటరింగువాని పనివారి యింటిపేర్లు విచారించిరా? హోటలులో పోయిన మైల పొరుగింటనే యేల పట్టుకొనుచున్నది? కారణము స్పష్టము. హోటలులో తిన్నదానికి రొక్కమిచ్చి ఋణము తీర్చుకొని వత్తుము. పొరుగింట తిన్నదానికి రొక్క మీయలేము, తిరిగి పిలువవలెను. "ఆ యింటి ఉప్పు తిన్నాను" అనవలెను. ఉప్పు తిన్నయింటివానిని నీవని యేకవచనముతో పిలువరాదు, వానికూతురిని చులకన చేయరాదు, వాని పొలము గట్టు తగవులో అన్యాయముగా సాక్ష్యము చెప్పరాదు. ఆ ఋణమునకు వెఱచి మనము మెతుకు ముట్టుట లేదు. తిరస్కరింపబడుచున్నది అన్నము కాదు, సమానుడవని యొప్పుకొనుట.

ఈ తిరస్కారము ఎంత దూరము పోవునో మన కనులయెదుట చూచితిమి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా యయ్యెను. దానికి డాక్టరు అంబేడ్కరుగారి పేరు చేర్చుటకు ప్రభుత్వము ప్రకటన చేయగా, మే 24న అమలాపురములో ఒక మంత్రి యింటికిని ఒక శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి. ఆ పేరు నిలిచినది. కాని ఆ మంట గుర్తు కూడ నిలిచినది. దానికి రాజకీయ కారణములు పలుతెఱగులుగా చెప్పుకొందురు. అవి నా విషయము కాదు. ఒక్కమాట మాత్రము చెప్పగలను. ఒకరి యింట నొకరు తినుట వాడుకయైన వీధిలో అగ్గిపుల్ల గీయబోవు చేయి ఒక్క క్షణమైన తడబడును. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారికి 1975లో సాహిత్య అకాడెమీ బహుమానము తెచ్చిన కావ్యము పేరే "గుడిసెలు కాలిపోతున్నాయి". మన సీమ కవి పెట్టిన ఆ పేరును మన సీమ యెంతకాలము సత్యము చేయుచుండవలెను?

చట్టము లేదా యనగా, ఉన్నది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అంటరానితనమును నిషేధించినది. 1955లో దానికి శిక్షలు విధించు చట్టము వచ్చినది. ఆ చట్టము నూతిని, గుడిని, హోటలును తెఱపింపగలదు. కాని "నాకు ఉపవాసము" అనువాని నోట అన్నము పెట్టుట యే న్యాయాధికారికిని శక్యము కాదు. ఇది గృహస్థుడు తన గడపలో తానే తీర్పు చెప్పుకొనవలసిన వ్యాజ్యము.

ఈ తీర్పు మనకు క్రొత్తది కాదు. పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక చాపమీద కూర్చుండబెట్టిన చాపకూటి కథను తెలుగువాడు ఎనిమిది వందల యేండ్లుగా చెప్పుకొనుచున్నాడు. పూరీలో ప్రసాదము దగ్గఱ కులము లేదని "సర్వం జగన్నాథం" అను మాట మన యింటింటి నానుడి యయ్యెను. గోదావరికి ఆవలి గట్టుననే, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము చేయించినప్పుడు పూర్వాచారపరు లేమి చేసిరి? వధూవరులను మాత్రమే కాక, ఆ విందులో తిన్నవారిని సైతము వెలివేసిరి. పలువుర చేత ప్రాయశ్చిత్తములు చేయించిరి. వంటవారు, నీళ్లు తెచ్చువారు మానివేయగా రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీళ్లు తామే మోసికొని వచ్చి వండి పెట్టిరి. సంస్కర్తలకంటె పూర్వాచారపరులకే ఒక రహస్యము చక్కగా తెలిసియుండెను: ఉపన్యాసము విన్నవాడు ఇంటికి పోయి మఱచును, పంక్తిలో తిన్నవాడు మాత్రము ఎదుటిపక్షమున చేరును. కావుననే వారు పంక్తిమీద దెబ్బ కొట్టిరి. మనమును పంక్తిలోనే నిలువవలెను.

పిల్లలకు పాఠములు చెప్పి బ్రతుకు నాకు మఱియొక సాక్ష్యము కలదు. 2001 నవంబరు 28న సుప్రీము కోర్టు బడులలో వండిన యన్నమే పెట్టవలెనని యుత్తరువిచ్చినది. 2003లో మన రాష్ట్రమున ఆ భోజనము మొదలయ్యెను. 2004 ఏప్రిల్ 20న ఆ కోర్టే వంటవారి నియామకమున దళితులకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ప్రాధాన్య మీయవలెనని చెప్పినది. నేడు మధ్యాహ్నము గంట కొట్టగానే పిల్లలు వరండాలో ఒకే వరుసగా కూర్చుందురు. పప్పు ఎవరు వండిరని ఏ పసివాడు నడుగడు. గ్రుడ్డు పెద్దదా చిన్నదా యనియే వాని తగవు. ఆ పిల్లవాడే సాయంకాలము తన బడి స్నేహితుని క్రొత్త యింటికి తండ్రితో పోయి, తండ్రి "ఇప్పుడే తిని వచ్చితిమి" అని బొంకుట వినును. తాము తినలేదని వానికి తెలియును. బడిలో మేము పదినెలలు చెప్పిన పాఠము ఆ యొక్క బొంకుతో చెడిపోవుచున్నది. అసత్యమాడరాదను నీతియు, మనుష్యులందఱు సమానులను నీతియు ఒక్క దెబ్బతోనే పోవుచున్నవి.

ఆక్షేపణలు కొన్ని వినవలసియున్నది. "మేము శాకాహారులము, వారింట మాంసము వండుదురు" అని యొకటి. మాంసము తినుమని యెవ రనిరి? పెరుగన్నము తినుము, పప్పుచారు తినుము; కాని ఆ పంక్తిలోనే కూర్చుండి, ఆ యింట వండినదే తినుము. "ఇంటిలో పెద్దవారున్నారు, వారి మనస్సు నొచ్చును" అని యొకటి. మనుమరాలు అమెరికాలో ఎవరి వంట తినుచున్నదో ఆ ముదుసలికి తెలియకపోలేదు. అచ్చట నొవ్వని మనస్సు ఇచ్చట నొచ్చునా? నొచ్చినచో, ఎనుబదియేండ్ల నొప్పికంటె ఎనిమిదేండ్ల పిల్లవాని యవమానము పెద్దదని సవినయముగా మనవి చేయవచ్చును.

మూడవ యాక్షేపణ బరువైనది. 1936లో లాహోరు సభకై వ్రాసిన యుపన్యాసమున అంబేడ్కరుగారు సహపంక్తి భోజనములచేత కులభావము చావలేదనియు, వర్ణాంతర వివాహమే నిజమైన మందనియు చెప్పిరి. అది సత్యము. ఒకపూట కలసి తిని, ఛాయాపటము తీయించుకొని, పత్రికలో వేయించుకొను విందులను నేనును విందులుగా నెంచను. కాని భోజనము చాలదనుట వేఱు, భోజనము వలదనుట వేఱు. ఒకరి యింట మంచినీళ్లు త్రాగని రెండు కుటుంబముల పిల్లలు ప్రేమించి పెండ్లాడినప్పుడు ఏమి జరుగునో వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. వివాహము మందయినచో భోజనము దానికి పథ్యము. పథ్యము లేక మందు ఇచ్చిన చోట్ల ప్రాణములు పోవుచున్నవి. వీరినుండి నేను కోరునది సభలోని భోజనము కాదు. ఇంటిలోని భోజనము, అదియు మఱల మఱల, ఎవరును చప్పట్లు కొట్టకుండగా.

కావున రానున్న ముహూర్తములకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాను. ఇల్లు కట్టువారు మొదట వంటయింటి కొలతలు నిర్ణయింపుడు; దానికి రెండు కిటికీలును, పొగ పోవు త్రోవయు, కూర్చుండి కూర తరుగుటకు చోటును పెట్టి, ఆ తరువాత సావడికి మిగిలినది చూచుకొనుడు. రకముల సంఖ్య సగము తగ్గింపుడు. అప్పు తగ్గును, ఎంగిలాకులలో పాఱవేయు నన్నమును తగ్గును. మొదటి పంక్తిలో ఆ యింటిని కట్టిన మేస్త్రీని, వడ్రంగిని, కూలీలను వారి కుటుంబములతో కూర్చుండబెట్టి, ఇంటి యజమాని తానే వడ్డింపవలెను. వండినవారు, ఇంటి యాడువారైనను కూలికి వచ్చినవారైనను, రెండవ పంక్తికి మించి నిలువబడరాదు. క్రొత్త యిల్లు చూడవచ్చు చుట్టములకు ఇంటాయనయు వండుట నేర్వవలెను. పప్పును అన్నమును ఉడికించుటకు వ్యాకరణము కంటె తక్కువ పాండిత్యమే చాలును.

ఇక పొరుగువాడు, ఎవరైనను సరే, గృహప్రవేశమునకు పిలిచినప్పుడు ఆకలితో పొండు. చేతులు కడుగుకొని విస్తరిముందు కూర్చుండుడు. కూర బాగున్నచో మారు వడ్డింపుమని యడుగుడు. భార్యను పిల్లలను వెంటబెట్టుకొని పొండు. మగవాడు వీధిలో మర్యాదకు తిని, ఇంటి యాడువారు మైలకు వెఱచి యింట నుండిపోవు పద్ధతి మన సంస్కారమున కొక వేషము మాత్రమే. మఱి పదిదినములలోపల ఆ కుటుంబమును మీ యింటికి పిలిచి, మీరు తిను చోటనే, మీరు తిను పళ్లెములలోనే పెట్టుడు.

ఇందులో ఖర్చు లేదు, చట్టము రానక్కఱ లేదు, సభ కూర్చనక్కఱ లేదు. కావలసినదెల్ల ఒక మధ్యాహ్నమును, కొంత ధైర్యమును. ఈ సంవత్సరము మీ వీధిలో ఏ యిల్లు గృహప్రవేశమునకు సిద్ధముగా నున్నదో మీరెఱుగుదురు. ఆ యింటివారు మిమ్ము పిలువ వత్తురు. అప్పుడు మీరేమి చెప్పుదురో మీ పిల్లలు వినుచుందురు.